శాసనం తప్ప అన్నీ

ఏ మండల కేంద్రంలో టీ దుకాణం దగ్గర అడిగినా ఎమ్మెల్యే ఏం చేస్తాడో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. ఎస్‌ఐని వేయిస్తాడు, తహసీల్దారును తీయిస్తాడు, తిరుమలకు లెటర్ ఇస్తాడు, పెళ్లికి వచ్చి అక్షింతలు వేస్తాడు, పెద్దకర్మకు వచ్చి ఫొటోకు దండ వేస్తాడు, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏఈకి ఫోన్ కొడతాడు. చట్టాలు చేస్తాడన్న మాట ఆ జాబితాలో వినపడదు. ఎన్నికల సభల్లోనూ వినపడదు. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది ఏ పని కోసం ఎన్నికవుతున్నారో ఆ పని గురించి అడిగే ఓటరు లేడు, చెప్పే అభ్యర్థీ లేడు. ఇరుపక్షాల మధ్య ఇంత సంపూర్ణమైన ఏకాభిప్రాయం రాజకీయాల్లో మరెక్కడా దొరకదు.

ఎమ్మెల్యే జీవితం బీ ఫారంతో మొదలవుతుంది. దానికి ముందున్నది ఆశావహుడి దశ. ఈ దశలో అతడు ఫ్లెక్సీల్లో కాపురముంటాడు. అధినేత బొమ్మ పెద్దగా, జిల్లా మంత్రి బొమ్మ మధ్యస్థంగా, తన బొమ్మ ఆ రెంటికీ తగ్గకుండా, కింద అనుచరుల తలలు పాస్‌పోర్టు సైజులో వేయించి సంక్రాంతికీ, రంజాన్‌కూ, క్రిస్మస్‌కూ శుభాకాంక్షలు చెబుతాడు. టికెట్ ఎవరికన్నది సర్వేలే తేలుస్తాయని పార్టీలు అంటాయి. ఆ సర్వే ఎవరు చేశారో, ఎవరిని అడిగారో అధినేతకు తప్ప తెలియదు. టికెట్ రానివాడి దగ్గర మాత్రం సర్వేలో మొదటి పేరు తనదేనన్న కచ్చితమైన సమాచారం ఉంటుంది. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు బీ ఫారం రిటర్నింగ్ అధికారికి అందాలి. అందాక గానీ ఏ అభ్యర్థీ అభ్యర్థి కాడు. గుడిలో పూజ చేయించి ఊరేగింపుకు సిద్ధమైనవాడికి, ఆ కాగితం వేరొకరికి వెళ్లిందని టీవీ స్క్రోలింగులో తెలిసిన సందర్భాలు లేకపోలేదు.

అర్హతల విషయంలో ఎమ్మెల్యేకు పెద్దగా పట్టింపుల్లేవు. పట్టింపులన్నీ అతడి కింది మెట్లవారికే. ఉమ్మడి రాష్ట్రంలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు సర్పంచిగానో వార్డు సభ్యుడిగానో పోటీ చేయకూడదంది. చట్టం వచ్చేనాటికే ఎక్కువమంది ఉన్నవారికి వెసులుబాటు ఇచ్చి, ఆ తర్వాత కన్నవారికి కట్టడి పెట్టింది. ఆ చట్టానికి అవునన్న ఎమ్మెల్యేకు ఎంతమంది ఉన్నా అభ్యంతరం లేదు. ముప్పై ఏళ్లు గడిచాక 2024లో, జననాల రేటు పడిపోతోందన్న బెంగతో, ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది. జనాభా విధానంలో సర్పంచుల కంటే ఎమ్మెల్యేలే దూరదృష్టి గలవారని ఆ విధంగా రుజువైంది.

నామినేషన్‌తోపాటు పదివేల రూపాయల డిపాజిట్టు, ఫారం 26 అనే అఫిడవిట్టు దాఖలు చేయాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు డిపాజిట్టు సగం. ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసులు వెల్లడించాలని సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల్లో పట్టుబట్టడంతో ఈ అఫిడవిట్టు వచ్చింది. తెలుగులో ఇంత శ్రద్ధగా చదివే మరో ప్రచురణ ఉందా అన్నది అనుమానమే. ప్రత్యర్థి లాయరు ఒక్కో కామా దగ్గర ఆగి చదువుతాడు. రోజూ అరడజను కార్ల కాన్వాయ్‌లో తిరిగే మనిషికి సొంత కారు లేదని, నియోజకవర్గంలో సగం వెంచర్లకు భూమిపూజ చేసినవాడికి సెంటు భూమి లేదని, ఉన్నదంతా పుట్టింటివారి కానుకగా సతీమణి పేరిట ఉందని ఇందులోనే తెలుస్తుంది. 2018 నుంచి కేసుల వివరాలను పోలింగుకు ముందు మూడుసార్లు పత్రికల్లో, టీవీలో ప్రకటించాలి. ప్రకటనలు వస్తున్నాయి. వరి తెగుళ్ల నివారణ పక్కన, దొరకని దస్తావేజుల నోటీసు కింద, భూతద్దంతో కనిపించే అక్షరాల్లో వస్తున్నాయి.

పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షలు. ఈ పరిమితిని దాటినట్టు ఒప్పుకున్న అభ్యర్థి ఇంతవరకూ ఎవరికీ ఎదురుపడలేదు. టీ ఎంత, సమోసా ఎంత, కుర్చీ అద్దె ఎంత, డప్పు కళాకారుడికి రోజుకు ఎంత అని జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఇస్తాడు. లెక్కలు ఆ ప్రకారం రాస్తారు. పోలింగుకు రెండు రోజుల ముందు అర్ధరాత్రి తలుపు సందులోంచి వచ్చే కవరుకు మాత్రం ఆ పట్టికలో గడి లేదు కాబట్టి, లెక్కలోనూ చోటు లేదు. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కారు. డబ్బు పంచడం తప్పని ఎక్కలేదు. పక్క వాడకు అందింది, తమకు అందలేదని ఎక్కారు. పంపిణీలో సమన్యాయం కోరడం కూడా రాజ్యాంగ స్ఫూర్తే మరి.

ఎమ్మెల్యే రాజీనామాతో వచ్చిన ఆ ఉప ఎన్నికే ఇంకో పాఠమూ నేర్పింది. కుటుంబానికి పది లక్షలిచ్చే దళిత బంధును ప్రభుత్వం 2021 ఆగస్టులో అదే నియోజకవర్గంలో మొదలుపెట్టింది. దాంతోపాటు రోడ్లు పడ్డాయి, భవనాలు మంజూరయ్యాయి, మంత్రులు ఊరూరా మకాం వేశారు. అది చూసి ఇతర నియోజకవర్గాల ప్రజలు తమ ఎమ్మెల్యేను కూడా రాజీనామా చేయమని అడగసాగారు. ఎమ్మెల్యే పదవిలో ఉండి చేయగల మేలు కంటే పదవి వదిలేసి చేయగల మేలు ఎక్కువని ఓటర్లు ఇంత స్పష్టంగా గ్రహించడం అదే మొదలు.

గెలిచినవాడు ప్రమాణం చేసి సభలో కూర్చోగానే పక్కవాడిని కాకుండా ముందు వరసను చూస్తాడు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యను సభ్యుల్లో 15 శాతానికి కట్టేసింది. ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18. కనుక గెలిచిన పక్షంలో అత్యధికులకు మంత్రి పదవి రాదని మొదటి రోజే ఖాయమైపోతుంది. వస్తుందన్న ఆశను ఐదేళ్లూ నిలబెట్టడమే పాలన. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నరేళ్లకు మంత్రులను మారుస్తామని మొదట్లోనే చెప్పారు. బయట ఉన్నవారంతా రెండున్నరేళ్లు నోరు మెదపలేదు. గడువు దాటాక ఇంకో కొన్ని నెలలు మెదపలేదు. 2022 ఏప్రిల్‌లో మంత్రులందరి చేతా రాజీనామా చేయించి, 11 మంది పాతవాళ్లను మళ్లీ తీసుకుని, 14 మంది కొత్తవాళ్లను చేర్చుకున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ముఖ్యమంత్రితో కలిపి 12 మందితో ప్రభుత్వం ఏర్పడింది. తక్కిన కుర్చీలను 2025 జూన్ దాకా ఖాళీగానే ఉంచారు. నింపిన కుర్చీ ఒకరినే సంతోషపెడుతుంది. ఖాళీ కుర్చీ ముప్పై మందిని క్రమశిక్షణలో ఉంచుతుంది.

మంత్రి కానివాడు నియోజకవర్గానికి తిరిగివస్తాడు. అసలు ఉద్యోగం ఇక్కడుంది. తెలంగాణలో చాలా నియోజకవర్గాల్లో ప్రభుత్వమే క్యాంపు కార్యాలయాలు కట్టించింది. పొద్దున ఆరింటికల్లా వరండా నిండుతుంది. గన్‌మన్లు, పీఏ, పీఏకు ఒక పీఏ, ఎవరికీ ఏమీ కాకపోయినా ఎప్పుడూ అక్కడే ఉండే ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. ఎమ్మెల్యే బయటికి రాగానే వినతిపత్రాలు చేతికొస్తాయి. అతడు వాటిని చదవకుండా పీఏకు ఇచ్చి, అధికారికి అక్కడికక్కడే ఫోన్ చేస్తాడు. స్పీకరు ఆన్‌లో పెడతాడు. ‘చేస్తాను సార్’ అని అవతలి గొంతు వినపడాలి. పని అయిందా లేదా అన్నది తర్వాతి సంగతి, ఫోన్ చేసిన మాట ఊరంతా తెలుస్తుంది.

ఇతడి కలం నుంచి వెలువడే సాహిత్యమంతా సిఫార్సు లేఖలే. వాటిలో తిరుమల లేఖది అగ్రస్థానం. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలను కొండ మీద పట్టించుకోవడం లేదన్న బాధ, నీళ్ల వాటాల మీద కూడా కలవని పార్టీలను కలిపింది. చర్చలు జరిగి, ఉత్తరాలు నడిచి, 2025 మార్చి 24 నుంచి వారానికి రెండు బ్రేక్ దర్శనం లేఖలు, రెండు 300 రూపాయల ప్రత్యేక దర్శనం లేఖలు, లేఖకు ఆరుగురు చొప్పున అనుమతించారు. రాష్ట్ర విభజన సమస్యల్లో ఇంత నిర్దిష్టంగా తేలినది ఇదొక్కటే కావచ్చు.

ముహూర్తాల నెలల్లో ఎమ్మెల్యే దినచర్య పంచాంగం ప్రకారం నడుస్తుంది. ఒకే లగ్నానికి ఎనిమిది పెళ్లిళ్లు, నాలుగు మండలాల్లో. అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోజనం చేయకుండా వెళ్లిపోతే చాలు. అసలు వెళ్లకపోతే ఆ కుటుంబం ఐదేళ్లు గుర్తుపెట్టుకుంటుంది. చావు ఇంటికైతే ఆలస్యంగా వెళ్లినా మన్నింపు ఉంది. మిగిలిన సమయం శిలాఫలకాలది. తెలంగాణలో నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో మూడు కోట్ల నుంచి ఐదు కోట్లకు పెంచారు. సీసీ రోడ్లకు, కమ్యూనిటీ హాళ్లకు, ప్రహరీలకు ఆ డబ్బు సరిపోకపోయినా, పలకల మీద పేర్లు చెక్కించడానికి లోటుండదు. రోడ్డు కంటే పలక ఎక్కువ కాలం నిలుస్తుంది. పలక మీద తన పేరు ఎంపీ పేరు కింద పడిందనో, అసలు పడలేదనో ప్రొటోకాల్ ఉల్లంఘన ఫిర్యాదు స్పీకరు దాకా వెళుతుంది. రోడ్డు పడలేదని వెళ్లిన ఫిర్యాదులు తక్కువ.

అసెంబ్లీ సమావేశాలు ఈ పనులన్నిటికీ అంతరాయం. ఆర్నెల్లకోసారైనా సభ కూర్చోవాలని రాజ్యాంగం అంటుంది కాబట్టి కూర్చుంటారు. ‘అధ్యక్షా’ అని మొదలుపెట్టి అధ్యక్షుడిని తప్ప అందరినీ తిట్టడం, పోడియం దగ్గరికి వెళ్లడం, సస్పెండై మీడియా పాయింటు దగ్గర పొద్దున రాసుకున్న ప్రసంగం వినిపించడం అక్కడి వాడుక. బిల్లులు మూజువాణి ఓటుతో వెళ్లిపోతాయి. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూడు రాజధానుల బిల్లును ఆమోదించింది. అదే నెలలో శాసనమండలిని రద్దు చేయాలని తీర్మానించింది. 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టాన్ని రద్దు చేసింది, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. సభ అదే, సభ్యులూ దాదాపు వాళ్లే, ‘అవును’ అన్న గొంతు కూడా అదే. తొలి బిల్లు ఎంత చరిత్రాత్మకమో, దాన్ని రద్దుచేసే బిల్లూ అంతే చరిత్రాత్మకమైంది.

ఇందుకు ఎమ్మెల్యేను నిందించి లాభం లేదు. 1985లో 52వ సవరణ ద్వారా వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ విప్‌ను కాదని ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా సభ్యత్వం పోవచ్చు. బిల్లు చదివినా చదవకపోయినా చేయి ఎటు లేవాలో ముందే నిర్ణయమై ఉన్నప్పుడు చదవడం ఎందుకు? ఆ సమయంలో ఒక పెళ్లికి వెళ్లి రావచ్చు. శాసనసభ్యుడిని శాసనాల పని నుంచి విముక్తుడిని చేసిన ఘనత నిజానికి ఆ షెడ్యూలుదే.

సభకు అసలు వెళ్లకపోవడం కూడా ఒక సంప్రదాయంగా స్థిరపడింది. ఫిరాయింపుదార్లపై చర్య తీసుకోలేదని వైఎస్సార్‌సీపీ 2017 చివరి నుంచి ఎన్నికల దాకా రాలేదు. ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చంద్రబాబు నాయుడు 2021 నవంబరులో సభ విడిచి, 2024 జూన్‌లో అలాగే వచ్చారు. ఆ తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని వైఎస్సార్‌సీపీ మళ్లీ బయట ఉండిపోయింది. అనుమతి లేకుండా అరవై రోజులు గైర్హాజరైతే స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని 190వ అధికరణం చెబుతుంది. సభ ముగిసి ఉన్న కాలాన్నీ, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులనూ ఆ అరవైలో లెక్కించకూడదని కూడా అదే చెబుతుంది. మన సభలు కూర్చునే తీరుకు అరవై రోజుల గైర్హాజరీ కూడబెట్టాలంటే మంచి ఓపిక ఉండాలి.

ఎమ్మెల్యే జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం పార్టీ మారడం. హర్యానాలో గయాలాల్ 1967లో పక్షం రోజుల్లో మూడుసార్లు మారి దేశానికి ఆయారామ్ గయారామ్‌ను ప్రసాదించాడు. తెలుగు నేల ఆ విద్యకు వసతి సౌకర్యాలు జోడించింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేసినప్పుడు ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి స్టూడియోలో ఉంచి, తర్వాత కర్ణాటకకు తరలించారు. నెల రోజులకు ప్రభుత్వం తిరిగొచ్చింది. 1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ అదే ఎన్టీఆర్‌కు ఎదురు తిరిగింది. ప్రజాస్వామ్యాన్ని రక్షించిన క్యాంపుకూ, కూల్చిన క్యాంపుకూ వంటలో, గదుల్లో పెద్ద తేడా ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

ఫిరాయింపుల చట్టం మొదట్లో మూడో వంతు సభ్యులు చీలితే ఊరుకునేది. 2003 సవరణ ఆ వెసులుబాటు తీసేసి, మూడింట రెండొంతులు విలీనమైతేనే రక్ష అంది. అంటే చిల్లరగా దూకితే నేరం, టోకుగా దూకితే విలీనం. 2014లో తెలంగాణలో గెలిచిన 15 మంది తెలుగుదేశం ఎమ్మెల్యేల్లో 12 మంది 2016లో అప్పటి టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో పార్టీ రాష్ట్ర అధ్యక్షుడే ఎంపీగా గెలిచి రాజీనామా ఇవ్వడంతో సంఖ్య 18కి దిగింది. 19 అయితే 13 మంది కావాలి, 18కి 12 చాలు. 2019 జూన్‌లో సరిగ్గా 12 మంది విలీనమయ్యారు. తెలుగు రాష్ట్రాల్లో భిన్నాలు ఇంత బాగా వచ్చినవారు లెక్కల మాస్టార్లలో కూడా తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్కల జోలికే పోలేదు. 2014లో గెలిచిన 67 మంది వైఎస్సార్‌సీపీ వారిలో 23 మంది ఒక్కొక్కరుగా, జంటలుగా తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. 2017 ఏప్రిల్‌లో వారిలో నలుగురు మంత్రులూ అయ్యారు. 2019 మే 23న ఫలితాలు వస్తే తెలుగుదేశానికి దక్కినవి 23 స్థానాలు. తెలంగాణలో 2023 తర్వాత పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు. ఒకరైతే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ టికెట్ మీద లోక్‌సభకు పోటీ చేశారు. అనర్హత పిటిషన్లపై మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకరుకు చెప్పింది. పార్టీ మారనే లేదని, నియోజకవర్గ అభివృద్ధి కోసం ముఖ్యమంత్రిని కలిశామని పలువురి సమాధానం. అభివృద్ధి ఎప్పుడూ అధికార పక్షం బెంచీల వైపే ఉండటం ఈ రంగంలో ఇంకా ఎవరూ పరిశోధించని విషయం.

తీర్పు చెప్పాల్సిన స్పీకరు కూడా ఒక పార్టీ టికెట్ మీద గెలిచినవాడే. కాలమే ఆయన చేతిలోని ఆయుధం. రాజీనామాల సంగతీ అంతే. రాజీనామా లేఖ పత్రికలకు ఇస్తే అది ప్రకటన, అధినేతకు ఇస్తే అలక, స్పీకర్ ఫార్మాట్‌లో ఇస్తేనే రాజీనామా. 2009 డిసెంబరులో తెలంగాణ ప్రకటన వెలువడగానే సీమాంధ్రలో గుట్టలుగా రాజీనామాలు వచ్చి, గుట్టలుగానే ఉండిపోయాయి. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముంగిట, ఆమోదించారు. దాదాపు మూడేళ్లు పరిశీలించాక అది నిజమైనదేనని తేలింది.

ఈ నమూనాకు లొంగని కొందరున్నారు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య సైకిల్ మీదా, ఆర్టీసీ బస్సులోనూ తిరిగారు. వావిలాల గోపాలకృష్ణయ్య సత్తెనపల్లికి నాలుగుసార్లు ప్రాతినిధ్యం వహించి ఖద్దరు సంచితోనే మిగిలారు. తరిమెల నాగిరెడ్డి ఈ సభ వల్ల ప్రజలకు ఒరిగేది లేదని 1969లో నిజంగానే రాజీనామా చేశారు. వీరి గురించి సంస్మరణ సభల్లో అన్ని పార్టీలవారూ గద్గద స్వరంతో మాట్లాడతారు. సభ అయ్యాక ఎవరి కాన్వాయ్‌లో వారు వెళ్లిపోతారు.

ఆర్థికంగా ఈ వృత్తి గిట్టుబాటు అయ్యేది కాదు. తెలంగాణలో 2016లో జీతభత్యాలను నెలకు రెండున్నర లక్షలకు పెంచారు. చట్టం ఒప్పుకున్న 40 లక్షల ఖర్చు తిరిగి రావాలన్నా పదహారు నెలల జీతం ముట్టకుండా దాచాలి. అయినా ఈ నష్టాన్ని భరించడానికి ముందుకొచ్చేవారి సంఖ్య ఎన్నిక ఎన్నికకూ పెరుగుతోంది. త్యాగం తగ్గిపోతోందన్న వాదన అందుకే నిలవదు.

అయిదో ఏట సర్వే మళ్లీ వస్తుంది. 2023 డిసెంబరు నుంచి వైఎస్సార్‌సీపీ తన సిట్టింగులను ఇన్‌చార్జిల మార్పు పేరిట ఒక నియోజకవర్గం నుంచి మరొకదానికి జాబితాల వారీగా పంపింది. నాలుగున్నరేళ్లు ఎస్‌ఐలకూ తహసీల్దార్లకూ బదిలీలు చేయించిన ఎమ్మెల్యే, తన బదిలీ ఉత్తర్వు కోసం తాడేపల్లిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. 2024లో ఆ పార్టీకి వచ్చినవి 11.

ఓడిపోవడంతో వృత్తి ముగియదు. పార్టీ అధికారంలో ఉంటే ఓడినవాడు నియోజకవర్గ ఇన్‌చార్జి అవుతాడు. వరండా అతడి ఇంటికి మారుతుంది, ఎస్‌ఐ కూడా మారతాడు. గెలిచిన ప్రతిపక్ష ఎమ్మెల్యే చేతిలో లెటర్‌హెడ్డు, ఓడిన ఇన్‌చార్జి చేతిలో నియోజకవర్గం ఉంటాయి. ఇంకొంత అదృష్టం ఉంటే శాసనమండలి ఉంది. 1958లో పుట్టి, 1985లో రద్దయి, 2007లో మళ్లీ పుట్టిన ఆ సభ, ప్రజలు వద్దన్నవారిని రాష్ట్రం వదులుకోకుండా చూస్తుంది. అదీ దక్కకపోతే కారు అద్దం మీద స్టిక్కరులో ‘ఎమ్మెల్యే’ అలాగే ఉండి, పక్కన ‘మాజీ’ అన్న రెండక్షరాలు చేరతాయి. టోల్‌గేటు దగ్గర కనపడనంత చిన్నవిగా వాటిని రాయించవచ్చు.

మోకాళ్లు సహకరించని రోజు వచ్చేసరికి కొడుకో కూతురో సిద్ధంగా ఉంటారు. అమెరికాలో ఎంఎస్ చేసి, ప్రజాసేవ మీద మమకారంతో తిరిగొచ్చినవారు. శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలని 173వ అధికరణం పట్టుబడుతోంది కాబట్టి, అప్పటిదాకా ఫ్లెక్సీలో హోదా ‘యువనేత’.